ప్రవాస ఇరానీయుల హోదా గుర్తులు: ఎవరు చూడాలని, ఎవరి కంట ఎలా పడ్డాయి

1978లో ఒక డాలరుకు సుమారు 70 ఇరాన్ రియాళ్లు వచ్చేవి. 2025 వసంతానికి తెహ్రాన్ బహిరంగ మార్కెట్లో డాలరు ధర పది లక్షల రియాళ్లు దాటింది. 1979 ఇస్లామిక్ విప్లవానికి ముందు పద్నాలుగు వేల డాలర్లు చేసిన పది లక్షల రియాళ్ల డిపాజిట్‌కు ఇప్పుడు ఒక్క డాలరు కూడా రాదు. ప్రవాస ఇరానీయుల డాబు గురించి మాట్లాడే ముందు ఈ లెక్క తెలియాలి. పోయింది డబ్బు ఒక్కటే కాదు. 1979 తరువాత ఎన్నో కుటుంబాల మిల్లులు, భూములు, ఇళ్లు జప్తయ్యాయి. ఇంటిపేరు వినగానే కుర్చీ వేసే ఊరు వెనకే ఉండిపోయింది. కొత్త దేశంలో తాము ఎవరో చెప్పుకోవడానికి చూపే కాగితం లేదు. ఆ ఖాళీలోకి వచ్చినవే కారు, తివాచీ, డిగ్రీ, పెళ్లి విందు, మెడలోని బంగారు బిళ్ల.

ఈ హోదా గుర్తులన్నిటికీ చూసేవాళ్లు రెండు రకాలు. తెహ్రాన్‌లో ఉన్న బంధువులు, ప్రవాసంలోని తోటి ఇరానీయులు ఒక వైపు. కొత్త దేశపు ఇరుగుపొరుగు మరో వైపు. ఇద్దరికీ అర్థమైన గుర్తు నిలిచింది. ఒక్కరికే అర్థమైనది రెండోవాళ్ల నోట ఎగతాళి మాటగా మారింది. ఇరానీయుల మీద చెలామణిలో ఉన్న మూస అభిప్రాయాలు చాలావరకు అలా పుట్టినవే.

అయితే ప్రవాస ఇరానీయులంతా ఒకే మనిషి కాదు. 1979-80 విద్యా సంవత్సరంలో అమెరికాలోని విదేశీ విద్యార్థుల్లో మొదటి స్థానం ఇరాన్‌దే, 51 వేలకు పైగా. వారిలో చాలామంది తిరిగి వెళ్లలేదు. విప్లవంతో రాజకుటుంబానికి దగ్గరివాళ్లు, పెద్ద వ్యాపారులు, సైనికాధికారులు కదిలారు. వారితోపాటు యూదులు, బహాయీలు, ఆర్మీనియన్లు, అస్సీరియన్లు. 1980లో ఇరాక్‌తో మొదలైన ఎనిమిదేళ్ల యుద్ధం పిల్లలను సైన్యం నుంచి తప్పించాలనుకున్న మధ్యతరగతిని తరిమింది. వామపక్ష కార్యకర్తలు ఎందరో స్వీడన్, జర్మనీలలో ఆశ్రయం పొందారు. ఆ తరువాతి అల ఇంజనీర్లది, పరిశోధక విద్యార్థులది. 2020 జనవరిలో తెహ్రాన్ దగ్గర కూల్చివేతకు గురైన ఉక్రెయిన్ విమానంలో 176 మంది చనిపోతే, అందులో చాలామంది కెనడా వెళుతున్న విద్యార్థులు, అధ్యాపకులు, వారి పిల్లలు. లాస్ ఏంజెలెస్ పక్కనున్న బెవర్లీ హిల్స్ భవంతులతో ఇరాన్ ప్రవాసాన్ని కొలిచేవాళ్లకు ఆ ప్రయాణికుల జాబితాలో వేరే దేశం కనిపిస్తుంది.

పేరు మార్చుకున్న ఏళ్లు

1979 నవంబరు 4న తెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ఆక్రమించారు. 52 మంది 444 రోజులు బందీలుగా ఉన్నారు. ఆ నెలలోనే అమెరికాలోని ఇరానీ విద్యార్థులంతా వలస అధికారుల ముందు హాజరు కావాలని కార్టర్ ప్రభుత్వం ఆదేశించింది. ప్రతి రాత్రీ టీవీలో బందీల రోజులు లెక్కపెడుతున్న దేశంలో ‘ఇరానియన్’ అన్న మాట నోటికి రావడం కష్టమైంది. చాలామంది తమను ‘పర్షియన్’ అని చెప్పుకోవడం మొదలుపెట్టింది అప్పుడే. పిల్లి, తివాచీ, సైరస్ చక్రవర్తి గుర్తొచ్చే పేరు అది, గడ్డాల ఊరేగింపులు గుర్తొచ్చేది కాదు. జంషీద్ జిమ్మీ అయ్యాడు, ఫర్హాద్ ఫ్రెడ్ అయ్యాడు. 2007లో బెవర్లీ హిల్స్ మేయరైన జిమ్మీ దెల్షాద్ అసలు పేరు జంషీద్. ఇరాన్‌లో పుట్టి ఆ పదవికి వచ్చిన మొదటి వ్యక్తి ఆయన. ఆ ఏడాది నగర ఎన్నికల బ్యాలెట్‌ను ఫార్సీలోనూ ముద్రిస్తే స్థానికుల్లో కొందరు గొడవ చేశారు. ముప్ఫై ఏళ్లు గడిచినా అనుమానం పూర్తిగా పోలేదన్నమాట.

మెడలో వేసుకునే ఫరావహర్ బిళ్లకూ ఈ చరిత్రతోనే సంబంధం. రెక్కలు చాచిన ఆ బొమ్మ ప్రాచీన ఇరాన్‌ను ఏలిన అకెమెనిద్ రాజుల శిల్పాల్లో ఉంది, జొరాస్ట్రియన్ల గుర్తుగా ప్రసిద్ధం. ఇప్పుడు దాన్ని పెట్టుకునే ప్రవాసుల్లో ఎక్కువమంది ముస్లిం కుటుంబాల్లో పుట్టినవాళ్లు. మతాన్ని పక్కనపెట్టి రెండున్నర వేల ఏళ్ల వెనక్కి పోయే వంశవృక్షాన్ని మెడలో వేసుకోవడం అది. జెండా విషయంలో పట్టింపు ఇంకా ఎక్కువ. సింహం, సూర్యుడు ఉన్న పాత జెండా ఒక వర్గాన్ని, ఏ గుర్తూ లేని మూడు రంగుల జెండా మరో వర్గాన్ని తెలియజేస్తాయి. ఇప్పటి ప్రభుత్వ జెండాను నౌరూజ్ అనే కొత్త సంవత్సరపు వేడుకలో కడితే సగం మంది లేచి వెళ్లిపోతారు. ప్రవాసుల సభకు హాలు అలంకరించేవాళ్లు ముందు తేల్చుకోవలసిన విషయం ఇదే.

ఇల్లు, కారు

లాస్ ఏంజెలెస్‌లో వెస్ట్‌వుడ్, విల్కిన్స్ వీధుల కూడలికి 2010లో నగరం పర్షియన్ స్క్వేర్ అని పేరు పెట్టింది. ఆ చుట్టుపక్కల పుస్తకాల దుకాణాలు, కబాబ్ హోటళ్లు, కుంకుమపువ్వు ఐస్‌క్రీమ్ ఉన్నందుకే తెహ్రాంజెలెస్ అన్న ముద్దుపేరు వచ్చింది. డబ్బున్నవాళ్లు మాత్రం తూర్పుకు, బెవర్లీ హిల్స్‌కు వెళ్లారు. 1980, 90లలో అక్కడ పాత ఇళ్లు కూల్చి స్థలం నిండా కట్టిన రెండంతస్తుల తెల్లటి భవనాలకు ‘పర్షియన్ ప్యాలెస్’ అని పేరు పడింది. ముందు రెండంతస్తుల ఎత్తు స్తంభాలు, వంపు తిరిగిన మెట్లు, పాలరాతి నేల, షాండ్లియర్. వీధిలోంచి చూస్తే తోట తక్కువ, గోడ ఎక్కువ. ఇరుగుపొరుగు చేసిన ఫిర్యాదులు పెరిగి, 2004లో నగరం ఇళ్ల ముఖభాగాలకు రూపకల్పన సమీక్ష తప్పనిసరి చేసింది.

ఆ స్తంభాల ఇళ్లు కట్టించినవాళ్ల వైపు నుంచి చూస్తే అవసరం అర్థమవుతుంది. రెండు వందల మంది అతిథులు ఒకేసారి పట్టే కింది అంతస్తు కావాలి. వంటగది రెండు, ఒకటి చూపడానికి, ఒకటి వాసన వచ్చే వంటకు. అమ్మమ్మకు మెట్లు ఎక్కే పని లేని గది. అమెరికా ఇంటి నమూనాలో ఇవేవీ లేవు. ముఖభాగం మీద కోపం వచ్చిన పొరుగువాళ్లు లోపలి గదుల లెక్క చూడలేదు.

జర్మన్ కారు కథ తెహ్రాన్ రోడ్ల మీద మొదలవుతుంది. 1967 నుంచి 2005 దాకా దేశంలో ఎక్కడ చూసినా పైకాన్, అంటే బ్రిటిష్ హిల్మన్ నమూనాతో ఇరాన్‌లోనే తయారైన సాదా కారు. దిగుమతి కారు మీద సుంకాలు విపరీతం. 2018లో దిగుమతులనే ఆపేశారు, 2022 దాకా తెరుచుకోలేదు. అందుకని లాస్ ఏంజెలెస్‌లో ఒక ఉద్యోగి నెలవాయిదాతో నడిపే మెర్సిడెస్ ఫోటో తెహ్రాన్ చేరేసరికి కోటీశ్వరుడి కారు అవుతుంది. చాలాసార్లు అది మూడేళ్ల లీజు. గడువు దాటాక కారు తిరిగి ఇచ్చేయాలి, కిలోమీటర్లు మించితే అదనంగా కట్టాలి, చేతిలో ఆస్తి మిగలదు. పరువు నెలనెలా అద్దెకు తెచ్చుకోవడమే ఇది. అమెరికన్లు మాత్రం ఇందులో చమురు డబ్బును చూశారు.

అదే ఇరాన్ నుంచి, అందులోనూ యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో బొంబాయి, పూనా, హైదరాబాద్ వచ్చినవాళ్ల తీరు పూర్తిగా వేరు. మూలమలుపు దుకాణం అద్దెకు తీసుకుని, పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు వేసి చాయ్, బిస్కెట్ అమ్మారు. వాళ్లు వదిలి వచ్చింది కరువు, పేదరికం. పోగొట్టుకున్న రాజసం లేదు కాబట్టి దాన్ని తిరిగి చూపించే తొందరా లేదు. వాళ్లకన్నా మూడు నాలుగు వందల ఏళ్ల ముందు దక్కన్ వచ్చిన ఇరానీయులది మళ్లీ మరో దారి. 1591లో హైదరాబాద్ నగర నిర్మాణానికి రూపకర్తగా చెప్పే మీర్ మోమిన్ అస్తరాబాదీ కుతుబ్‌షాహీల పీష్వా, అంటే ప్రధానమంత్రి. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చిన బహమనీ మంత్రి మహమూద్ గవాన్ 1472లో బీదర్ మదర్సా కట్టించాడు, 1481లో ఆస్థానంలోని దక్కనీ ముఠా కుట్రకు బలయ్యాడు. వాళ్ల హోదా గుర్తు ఫార్సీ భాషే. దక్కన్ దర్బారుకు అది అర్థమైంది కాబట్టి వేరే ఆడంబరం అక్కర్లేకపోయింది.

డాక్టర్, మొహందెస్

ఇరాన్‌లో ఇంజనీరును ‘మొహందెస్’ అని, వైద్యుణ్ణి, పీహెచ్‌డీ చేసినవాణ్ణి ‘దోక్తోర్’ అని పిలుస్తారు. పేరుకు ముందు తగిలించడమే కాదు, పేరు బదులుగా అదే వాడతారు. డాక్టరు భార్య కూడా ‘ఖానుమ్ దోక్తోర్’ కావచ్చు. ఈ హోదాకు పునాది కొంకూర్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష. గణితం, జీవశాస్త్రాలు, మానవీయ శాస్త్రాలు అని ప్రధాన విభాగాలు, ఒక్కో విభాగానికి వేరే ర్యాంకుల వరుస. ఎంసెట్ ర్యాంకు ఇరవై ఏళ్ల తరువాత కూడా పెళ్లి సంబంధంలో వినిపించే మన ఇళ్లకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు. గణితంలో తొలి వందల ర్యాంకులు 1966లో స్థాపించిన షరీఫ్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి ఉత్తర అమెరికా ల్యాబ్‌లకు వెళ్లడం ఆనవాయితీ. 2014లో ఫీల్డ్స్ మెడల్ పొందిన తొలి మహిళ మర్యమ్ మీర్జాఖానీ షరీఫ్‌లో చదివినవారే.

డిగ్రీ రెండు వైపులా అర్థమయ్యే గుర్తు కాబట్టి అన్నిటికన్నా గట్టిగా నిలిచింది. జర్మనీ, స్వీడన్‌లలో ‘చదువుకున్న వలసదారులు’ అన్న మంచి పేరు దీనివల్లే వచ్చింది. నష్టం ఎక్కడంటే, డిగ్రీ సరిహద్దు దాటినా లైసెన్సు దాటదు. తెహ్రాన్‌లో శస్త్రచికిత్సలు చేసిన మనిషి టొరంటోలో మళ్లీ పరీక్షలు రాసి, రెసిడెన్సీ సీటు దొరికేదాకా ఏళ్ల తరబడి వేరే పని చేయాలి. ఈ మధ్యకాలం గురించి ఇంటికి చెప్పరు. ఆబెరూ, అంటే నలుగురిలో నిలిచే పరువు, పోతుందన్న భయం. చెంపలు వాయించుకుని ముఖం ఎర్రగా ఉంచుకోవడం అని ఫార్సీలో దీనికి నానుడి ఉంది. నలభై ఏళ్లు దాటి వచ్చిన మగవాళ్లలో ఈ దాపరికం దిగులుగా మారినా వైద్యుడి దగ్గరకు వెళ్లరు. వెళ్లిన సంగతి తెలియడం కూడా పరువుకు దెబ్బే. ఇరాన్ ప్రవాసంలో డాంబికం కన్నా ఎక్కువ చేటు చేసేది ఈ మౌనం.

తివాచీ

చేతి తివాచీ గది నేల మీద పరిచిన పొదుపు ఖాతా. వలస వెళ్లేవాళ్లు డబ్బు తీసుకుపోలేనప్పుడు తివాచీ చుట్టి తీసుకుపోయారు. దాని హోదా ఊరి పేరులో, ముడుల సాంద్రతలో ఉంటుంది. తబ్రీజ్ తివాచీని రజ్‌తో కొలుస్తారు. సుమారు ఏడు సెంటీమీటర్ల వెడల్పులో ఎన్ని ముడులు పడితే అన్ని రజ్. 50 రజ్ అంటే చదరపు మీటరుకు ఐదు లక్షల పైచిలుకు ముడులు. నాయీన్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ ‘లా’ అంటే పడుగు దారంలోని పోగులు, అందుకని 9 లా ముతక, 6 లా మేలు, 4 లా ఇంకా సన్నం. తెలియనివాళ్లు పెద్ద అంకె చూసి 9 లాకు ఎక్కువ ధర పెట్టి మోసపోతుంటారు. ఖుమ్ పట్టు తివాచీ గోడకెక్కుతుంది, దాని మీద నడవరు.

అతిథి తివాచీ అంచు తిప్పి వెనుక వైపు చూస్తే అది పరీక్ష. చేతి నేతలో వెనుక కూడా డిజైను ముందున్నంత స్పష్టంగా ఉంటుంది, ముడులు కొద్దిగా హెచ్చుతగ్గులుగా కనిపిస్తాయి. అంచు కుచ్చు పడుగు దారాల కొనే, తరువాత కుట్టింది కాదు. కాషాన్ మిల్లుల యంత్రపు తివాచీలకు 700 శానే, 1000 శానే, 1200 శానే అని అంకెలుంటాయి. మీటరు వెడల్పులోని వరుసల లెక్క అది. దూరం నుంచి అవి చేతి నేతలాగే ఉంటాయి. ఇరాన్‌లోనే చాలా ఇళ్లలో ఇప్పుడున్నవి అవే.

ఈ ఖాతాను దెబ్బతీసింది ఆంక్షలు. 1987 అక్టోబరులో రీగన్ ప్రభుత్వం ఇరాన్ దిగుమతులు నిషేధించింది. 2000లో తివాచీలు, పిస్తా, కేవియర్, ఎండు పండ్లకు మినహాయింపు దొరికింది. 2010లో మళ్లీ నిషేధం, అణు ఒప్పందం తరువాత 2016లో సడలింపు, 2018 ఆగస్టులో మళ్లీ నిషేధం. సరుకు కరువైతే ధర పెరగాలి కదా అనుకున్నవాళ్లు ఉన్నారు. జరిగింది వేరు. భారత్, పాకిస్తాన్ నేత ఆ ఖాళీని నింపింది, యువత ఖాళీ నేల, లేత రంగుల వైపు మళ్లింది. ఐరోపాలో హాంబుర్గ్ రేవు పక్కన స్పైకర్‌ష్టాట్ గోదాములు దశాబ్దాలపాటు ఇరానీ తివాచీ వర్తకుల అడ్డా. అక్కడా వ్యాపారం బాగా పలచబడింది. తాత కొన్న ధరను మనసులో పెట్టుకుని అమ్మబోయేవాళ్లకు వర్తకుడు చెప్పే ధర అందులో చిన్న భాగం. దానికి తోడు సోఫా కింద కదలకుండా ఉన్నచోట చిమ్మట పురుగు ఉన్ని తినేస్తుంది, కిటికీ ఎండకు ఒక పక్క వెలిసిపోతుంది, తిరిగే బ్రష్ ఉన్న వాక్యూమ్ కుచ్చులు పీకేస్తుంది. ఏడాదికి రెండుసార్లు తివాచీని తిప్పి పరిచి, అడుగున ప్యాడ్ వేసి, కుచ్చుల దగ్గర చేత్తో శుభ్రం చేసే ఇళ్లలో మాత్రం అది మూడో తరానికీ మిగులుతుంది.

విందు లెక్క

మెహ్మూనీ, అంటే ఇంటికి పిలిచి పెట్టే విందు, అందరికీ అందుబాటులో ఉన్న హోదా గుర్తు. మనిషికి ఒక గ్లాసు బియ్యం అన్నది పాత లెక్క, తినేది అందులో సగం. మిగలకపోతే తక్కువైందని అర్థం. రెండు రకాల అన్నం, ఖొరేష్ అనే పులుసుకూరలు రెండు లేకుండా దూరపు చుట్టాలను పిలవరు. బియ్యం ఉప్పు నీటిలో కొన్ని గంటలు నానాలి, ఆరేడు నిమిషాలు ఉడికి మధ్యలో చిన్న పలుకు ఉండగానే వార్చాలి, అడుగున నూనె, బంగాళదుంప చక్రాలు లేదా లవాష్ రొట్టె వేసి, మూతకు గుడ్డ చుట్టి సన్నని సెగ మీద ముప్పావుగంట పైన మగ్గనివ్వాలి. అడుగున కట్టిన బంగారు రంగు తహ్దీగ్ ఒక్క ముక్కలో ఊడి వస్తే ఇంటావిడ చేయి తిరిగినతనం ఊరంతా తెలుస్తుంది. గుడ్డ మరిచిపోతే మూతకు పట్టిన ఆవిరి నీరు తిరిగి పడి అన్నం ముద్దవుతుంది. సెగ ఎక్కువైతే తహ్దీగ్ నల్లబడుతుంది. కుంకుమపువ్వు చిటికెడు పంచదారతో నూరి మూడు నాలుగు చెంచాల వేడి నీటిలో మూతపెట్టి ఉంచాలి. పువ్వును అన్నంలో అలాగే చల్లితే తెలియనితనం బయటపడుతుంది.

విందుతో పాటే తారోఫ్, అంటే మర్యాదకు వద్దనడం, మర్యాదకు బలవంతం చేయడం. పెట్టేవాళ్లు మూడుసార్లు అడగాలి, తినేవాళ్లు రెండుసార్లు వద్దనాలి. హోటల్లో బిల్లు కోసం పెనుగులాట తప్పదు. పరిచయమున్న దుకాణదారు ‘మీకన్నా ఎక్కువా, డబ్బు వద్దు’ అంటాడు. అప్పుడు డబ్బు ఇవ్వడమే మర్యాద. చిక్కు విదేశాల్లో పుట్టిన పిల్లలకు, కొత్తగా కుటుంబంలోకి వచ్చిన అమెరికన్ కోడలికి. అతిథులు మొదటిసారి వద్దన్నప్పుడే ఆమె పళ్లెం తీసేస్తే అత్తవారి తరఫువాళ్లు ఆకలితో ఇంటికి పోతారు. ఇరానీయులు నిజం చెప్పరన్న మూస మాట వెనుక ఉన్నది చాలాసార్లు ఈ తికమకే.

మెహ్రియే: నాణేల్లో పెళ్లి

ప్రవాస పెళ్లిలో మూడు నాలుగు వందల మంది అతిథులు పెద్ద లెక్క కాదు. అద్దం, కొవ్వొత్తుల జత, తేనె, గుడ్లు, వాల్‌నట్లు, పంచదార దిమ్మలతో పరిచే సోఫ్రే అఖ్ద్‌ను ఒకప్పుడు ఇంటి ఆడవాళ్లు పేర్చేవారు, ఇప్పుడు అలంకరణ సంస్థలు పరుస్తున్నాయి. ఇదంతా ఒక రాత్రి ఖర్చు. అసలు జాగ్రత్త పడవలసింది మెహ్రియే దగ్గర.

మెహ్రియే అంటే వరుడు వధువుకు బాకీపడే సొమ్ము. ఆమె ఎప్పుడు అడిగినా ఇవ్వాలి. దాన్ని బహారె ఆజాది బంగారు నాణేల్లో రాస్తారు. ఒక నాణెం 8.133 గ్రాములు, వెయ్యికి 900 స్వచ్ఛత. ఖురాన్ సూరాల లెక్కన 114 రాయడం ఉంది, వధువు పుట్టిన ఇరానీ సంవత్సరాన్ని అంకెగా రాయడమూ ఉంది. 1370లో, అంటే 1991-92లో పుట్టిన అమ్మాయికి 1370 నాణేలు. మొత్తం పదకొండు కిలోలకు పైన, అందులో మేలిమి బంగారం పది కిలోలు. సంతకం పెట్టే అబ్బాయి దగ్గర అందులో నూరో వంతు ఉండదు. ‘ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు’ అన్న మాటతో పెద్దలు సర్దిచెబుతారు. పుచ్చుకున్నవాళ్లున్నారు. కట్టలేక జైలుకు వెళ్లినవాళ్లు పెరగడంతో, 2013 నాటి కుటుంబ రక్షణ చట్టం జైలు ఒత్తిడిని 110 నాణేల వరకే పరిమితం చేసింది. ఆపైన ఉన్నదానికి భర్త ఆస్తి చూపితేనే వసూలు.

విదేశాల్లో స్థిరపడినవాళ్లు ఇది తమకు వర్తించదనుకుంటారు. అమెరికా కోర్టుల్లో కొన్ని మెహ్రియేను ఒప్పందంగా ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. ఇరాన్‌లో గుర్తింపు కోసం ఆ పెళ్లిని ఇరాన్ కాన్సులర్ విభాగంలో, అమెరికాలోనైతే పాకిస్తాన్ రాయబార కార్యాలయం కింద పనిచేసే ఇరాన్ ప్రయోజనాల విభాగంలో, నమోదు చేస్తే ఆ అంకె ఇరాన్ చట్టం కింద బాకీ అయిపోతుంది. తరువాత విడాకుల గొడవలో ఉండగా తండ్రిని చూడటానికి తెహ్రాన్ వెళ్లిన మనిషిని దేశం విడిచి వెళ్లకుండా భార్య ఆపించవచ్చు. అందుకే నమోదుకు ముందే అంకె గురించి తేల్చుకోవాలి. చదువుకున్న అమ్మాయిలు ఇటీవల నాణేలు తగ్గించుకుని, విడాకులు కోరే హక్కు, భర్త అనుమతి అక్కర్లేకుండా ప్రయాణించే హక్కు, చదువు, ఉద్యోగం ఒప్పందంలో షరతులుగా రాయించుకుంటున్నారు. ఇది మేలైన మార్పు. వెయ్యి నాణేల కన్నా ఆ నాలుగు షరతులు ఆమెకు ఎక్కువ పనికొస్తాయి, అబ్బాయినీ అప్పుల పాలు చేయవు.

లోపలి మూసలు

బయటివాళ్ల మూస మాటలు నొప్పించే ఇరానీయుల్లోనే తమవాళ్ల మీద మూసలకు కొదవ లేదు. ఇస్ఫహాన్‌వాళ్లు పిసినారులని, ఆబాదాన్‌వాళ్లు గొప్పలు చెబుతారని, రేబాన్ కళ్లద్దాలు తీయరని అంటారు. ఆబాదాన్‌లో 1912 నుంచి చమురు శుద్ధి కర్మాగారం ఉంది. బ్రిటిష్ ఉద్యోగుల సామాను ఆ ఊరి కుర్రాళ్లు అందరికన్నా ముందు చూశారు. కళ్లద్దాల జోకు అక్కడ పుట్టింది. అజరీ తుర్కుల మీద జోకులు నవ్వులతో ఆగలేదు. 2006 మేలో ఒక ప్రభుత్వ పత్రిక బొద్దింక నోట అజరీ మాట పెట్టి బొమ్మ వేస్తే వాయవ్య ఇరాన్ పట్టణాల్లో పెద్ద నిరసనలు జరిగాయి, పత్రికను కొంతకాలం మూసివేశారు. ప్రవాసంలో ఈ జోకులకు మరొకటి చేరింది. లాస్ ఏంజెలెస్ పాతకాపులు 1978 దగ్గరే ఆగిపోయారని కొత్తగా వచ్చినవాళ్లు, కొత్తవాళ్లకు మర్యాద తెలియదని పాతకాపులు అనుకుంటారు. ఇరాన్ అధికారుల పిల్లలు, వాళ్లకున్న పేరు ఆగాజాదే, వాంకూవర్‌లో ఖరీదైన కార్లలో తిరిగినప్పుడు ఈ రెండు వర్గాల కోపం ఒకటవుతుంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు.

తెహ్రాన్‌లో ముక్కు ఆపరేషన్ పట్టీతో వీధిలో తిరగడం కొన్నేళ్లు గొప్పగా చెల్లింది. రియాల్ పడిపోవడంతో ప్రవాసులే సెలవుల్లో వచ్చి చేయించుకుంటున్నారు. వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పడుతుంది, ఏదైనా తేడా వస్తే సర్జన్ వేరే ఖండంలో ఉంటాడు. చౌక ధరలో ఆ ఇబ్బంది కలపరు.

ఇప్పుడు తెహ్రాన్ దృష్టిలో వీటన్నిటికన్నా పెద్ద హోదా గుర్తు విదేశీ పాస్‌పోర్టు. ఇరాన్ ద్వంద్వ పౌరసత్వాన్ని గుర్తించదు. కెనడా పౌరుడైన ఇరానీ కూడా ఇరాన్ పాస్‌పోర్టుతోనే లోపలికి రావాలి, బయటికి పోవాలి. తండ్రి ఇరానీ అయితే విదేశంలో పుట్టిన బిడ్డకూ అదే లెక్క. సైనిక సేవ చేయని యువకుడు వచ్చేముందే తిరిగి వెళ్లే అనుమతి సంగతి చూసుకోవాలి, పెళ్లైన స్త్రీకి పాస్‌పోర్టు పునరుద్ధరణలో భర్త సమ్మతి ప్రశ్న వస్తుంది. అరెస్టయితే కెనడా అధికారులకు ఆ మనిషిని కలిసే హక్కును ఇరాన్ ఒప్పుకోదు. పెళ్లి చూపుల్లో మొదట అడిగేదీ, విమానాశ్రయంలో లోపలి జేబులోంచి తీయకూడనిదీ ఆ పుస్తకమే.